రామేశ్వరానికి ఒక్క పూట చాలదు

మన ఊళ్ళ నుంచి రామేశ్వరం వెళ్ళివచ్చిన వారిని అక్కడి సంగతులు అడిగితే దాదాపు అందరూ ఒకే వరసలో చెబుతారు. తెల్లవారుజామున బస్సు దిగడం, గుడి ఎదుటి సముద్రమైన అగ్నితీర్థంలో మునక, తడిబట్టలతోనే గుడిలోని 22 తీర్థాల, అంటే పవిత్రమైన బావుల, స్నానం, బట్టలు మార్చుకుని దర్శనం, టిఫిను, వ్యానులో తూర్పు కొసన ఉన్న ధనుష్కోడి, మధ్యాహ్న భోజనం కాగానే మధురైకో కన్యాకుమారికో ప్రయాణం. దక్షిణాది యాత్ర పేరుతో వారం రోజుల్లో ఎన్నో పుణ్యక్షేత్రాలు తిప్పే టూరు బస్సులు రామేశ్వరానికి కేటాయించేది ఈ ఒక్క పూటే. ఆ యాత్రికుల భక్తిని నేను శంకించడం లేదు. జన్మలో ఒక్కసారైనా కాశీ, రామేశ్వరం చూడాలని ఏళ్ళ తరబడి డబ్బు కూడబెట్టుకుని వెళ్ళినవారు మా ఇంట్లోనూ ఉన్నారు. నేను చెప్పదలచుకున్నది వేరు. రామేశ్వరం ఒక ద్వీపం మీద ఉన్న చిన్న సముద్రతీరపు ఊరు. అక్కడి గుడి, తీర్థాలు, జనం బతుకు, చరిత్ర అన్నీ ఆ ద్వీపం వల్ల, దాన్ని చుట్టుకున్న నీటి వల్ల అలా తయారైనవే. ద్వీపాన్ని పట్టించుకోకుండా గుడి ఒక్కటే చూసి వస్తే, గుడిని కూడా సగమే చూసినట్టు. అందుకే అక్కడ కనీసం రెండు రాత్రులు ఉండాలనీ, వీలైతే మూడు ఉండాలనీ నా గట్టి అభిప్రాయం.

ముందు దారి సంగతి. మండపం అనే ఊరు దాటాక నేల అయిపోతుంది. అక్కడికీ రామేశ్వరం ఉన్న పాంబన్ ద్వీపానికీ మధ్య 2 కిలోమీటర్ల పైచిలుకు సముద్రం ఉంది. 1914 ఫిబ్రవరిలో రైలు వంతెన తెరిచేదాకా యాత్రికులు ఈ పాయను పడవ మీదే దాటారు. రోడ్డు వంతెన 1988లో గానీ రాలేదు. అంతకు ముందు తరాల వారు రామనాథపురాన్ని ఏలిన సేతుపతుల సత్రాలలో ఆగుతూ, ఉప్పూరులో వినాయకుడికి మొక్కుకుని, దేవీపట్టణంలో సముద్రంలో నిలిచిన నవపాషాణాలను చూసుకుని, గాలి అనుకూలించినప్పుడు పడవెక్కి ద్వీపం చేరేవారు. ఆగడం, ఎదురుచూడడం అప్పటి యాత్రలో భాగం. సేతువు దగ్గర స్నానం చేసి, అక్కడి ఇసుకను మూటగట్టుకుని గంగదాకా తీసుకుపోయి, గంగనీటిని తెచ్చి రామనాథుడికి అభిషేకం చేసేవారు. అంతదూరం నడిచివచ్చిన మనిషి ఒక పూటలో వెనక్కి తిరిగే ప్రసక్తే లేదు. ఆ కష్టం మళ్ళీ పడమని నేను అనడం లేదు. కష్టం తగ్గినందుకు మిగిలిన సమయాన్ని ఆ ఊరికే ఇవ్వవచ్చు కదా అంటున్నాను.

వంతెనను మాత్రం పగటిపూట దాటండి. భువనేశ్వర్ నుంచి విశాఖ, విజయవాడల మీదుగా వచ్చే రైలైనా, తిరుపతి నుంచి వచ్చే రైలైనా, మధురైలో దిగి అక్కడి నుంచి వేరే రైలు పట్టుకున్నా సరే, ఆ పాయ దాటేటప్పుడు కిటికీ పక్కన మెలకువగా ఉండాలి. పాత వంతెన నడిమి భాగం రెండు రెక్కలుగా విడిపోయి ఓడలకు దారి ఇచ్చేది. ఆ రెక్కలను మనుషులే మీటలు తిప్పి లేపేవారు. 2022 డిసెంబరులో దాని మీద రైళ్ళు ఆపేశారు. పక్కనే కట్టిన కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి రోజున మొదలైంది. 72.5 మీటర్ల పొడవున్న దాని నడిమి భాగం నిటారుగా పైకి లేస్తుంది. ఈ వంతెన చరిత్రలో మన కాకినాడకూ చోటుంది. 1964 డిసెంబరు తుపాను పాత వంతెన గడ్డర్లను సముద్రంలోకి ఈడ్చుకుపోతే, పడిపోయిన వాటిని వెతికి బయటికి తీయించి 46 రోజుల్లో మళ్ళీ రైలు నడిపించిన యువ ఇంజనీరు ఇ. శ్రీధరన్. తర్వాత కొంకణ్ రైల్వేకూ ఢిల్లీ మెట్రోకూ పేరు తెచ్చిన ఆ శ్రీధరన్ ఇంజనీరింగు చదివింది కాకినాడ ప్రభుత్వ కళాశాలలోనే.

ఇక గుడి. రామనాథస్వామి ఆలయంలో అందరికీ గుర్తుండిపోయేది 22 తీర్థాల స్నానం. బావి ఒర మీద కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడిన మనిషి చిన్న బకెట్‌ను చేంతాడుతో జారవిడుస్తాడు, అది నీటిని తాకిన చప్పుడు వినబడీ వినబడకముందే రెండు గుంజులతో పైకి లాగుతాడు, వరసలో నిలబడిన నలుగురి నెత్తిన ఒకేసారి కుమ్మరిస్తాడు. వెంటనే తరవాతి బావికి పరుగు. నేల అంతా తడి, పెద్దవాళ్ళ చేతులు పిల్లల భుజాల మీద, ఎవరి నోట్లోనో గోవిందనామం. ఆ హడావుడిలో చాలామంది గమనించని విషయం ఒకటుంది: నోట్లో పడ్డ నీరు ఉప్పగా లేదు. తూర్పు గోపురం దాటి నాలుగడుగులు వేస్తే సముద్రం. కాసేపటి క్రితం అగ్నితీర్థంలో మునిగినప్పుడు పెదవుల మీద ఉన్న ఉప్పు ఇక్కడ ఏమైంది?

దీనికి జవాబు ఇసుకలో ఉంది. పాంబన్ ద్వీపం చాలావరకు ఇసుక, పగడపు రాయి. వాన కురిస్తే నీరు పారిపోకుండా ఇసుకలోకి ఇంకుతుంది. మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి, నేల అడుగున ఉన్న సముద్రపు నీటి మీద అది తేలుతూ ఒక పొరగా నిలుస్తుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిచిందంటే కింద దాదాపు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుందని భూగర్భజల శాస్త్రం చెబుతుంది. లెక్క తలకిందులుగానూ పనిచేస్తుంది. మోటార్లు పెట్టి ఎడాపెడా తోడేసి పై మట్టం ఒక అడుగు తగ్గిస్తే కింది నుంచి ఉప్పునీరు ఆ మేరకు పైకి ఎగదన్నుతుంది. చేదతో తోడినంత కాలం బావి తియ్యగా ఉండడానికి కారణం ఇదే. గుడి కట్టినవారు ఈ లెక్కలు కాగితం మీద వేసి ఉండకపోవచ్చు, కానీ ద్వీపంలో తియ్యని నీరు ఎక్కడ నిలుస్తుందో వారికి బాగా తెలుసు; ఆ చోట్లకు పేర్లు పెట్టి, పుణ్యం ముడిపెట్టి, కాపాడుకున్నారు. తీర్థం అంటే ఏమిటో నాకు ఆ గుడిలో కంటే విల్లూండి తీర్థం దగ్గర బాగా తెలిసింది. ద్వీపంలోని తంగచ్చిమడం దగ్గర సముద్రంలోకి కొంతదూరం నడిచివెళితే, చుట్టూ ఉప్పునీరు ఉండగా మధ్యలో ఒక మంచినీటి బావి. సీతమ్మ దాహం తీర్చడానికి రాముడు బాణం కొట్టిన చోటని స్థలపురాణం. ఆ నీటిని దోసిట్లో పట్టుకుని తాగినవారికి ద్వీపంలో ఒక చెంబు మంచినీటి విలువ ఎవరూ వివరించనక్కరలేదు. ఒక్క పూటకు వచ్చే టూరు బస్సులు చాలావరకు అక్కడ ఆగవు.

గుడిలో మూడో ప్రాకారం గురించి అందరూ చెప్పేదే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 18వ శతాబ్దంలో సేతుపతుల కాలంలో పూర్తయిన ఆ నడవాలో 1,212 స్తంభాలు ఉన్నాయి. ఇసుక, పగడపు రాయి తప్ప మరేమీ దొరకని ద్వీపం మీద గట్టిరాయి అంతా సముద్రం దాటి రావలసిందే. ఆ రాయి వచ్చిన దారి పాంబన్ పాయ అని తెలిసి చూస్తే స్తంభాల బారు మరోలా కనిపిస్తుంది. ఉదయం రద్దీలో కాక, రాత్రి పూజల ముందు అక్కడ నడవండి.

ఊళ్ళో రెండో రోజు ఉండేవారికి దక్కేది జట్టీ. తెల్లవారగానే గుడికి ఉత్తరంగా, తీరం వెంట నడిస్తే మరపడవలు బారులు తీరి ఉంటాయి. వేట నుంచి వచ్చిన పడవల మీద రొయ్యలు వేరుచేసే చేతులు, మంచు దిమ్మలు పగలగొట్టే చప్పుడు, తక్కెడల దగ్గర గొంతులు. నిజాంపట్నం, కాకినాడ, భీమిలి రేవులు చూసినవారికి ఇదంతా పరిచయమే. అక్కడి నియమం మాత్రం కొత్తగా అనిపిస్తుంది. ద్వీపానికి ఉత్తరాన ఉన్న పాక్ అఖాతం లోతులేని నీరు. అందులో మరపడవలూ నాటుపడవలూ ఒకే రాత్రి వేటకు వెళితే నాటుపడవల వలలు తెగిపోతాయి. అందుకే వారంలో మూడు రోజులు మరపడవలకు, మిగిలినవి నాటుపడవలకు అని పంచుకున్నారు. ఏడాదిలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం మన తీరంలో ఎలాగో అక్కడా అలాగే.

ఈ జట్టీ దగ్గరే ఊరి పెద్ద దిగులు కూడా వినబడుతుంది. ద్వీపం తూర్పు కొస నుంచి అవతల శ్రీలంక తలైమన్నార్ దాదాపు 30 కిలోమీటర్లే. 1974 ఒప్పందంతో కచ్చతీవు అనే చిన్న దీవి శ్రీలంకకు వెళ్ళింది. 1976 ఒప్పందంతో సముద్రంలో గీసిన గీత దాటి వేటాడే వీలు పోయింది. అయినా చేప గీతకు అవతలే ఎక్కువ. పడవలు వెళతాయి, శ్రీలంక నావికాదళం పట్టుకుంటుంది, మనుషులు తిరిగివచ్చినా పడవలు రావు. దీన్ని మన మత్స్యకారుల మీద జరిగే అన్యాయంగా మాత్రమే చెప్పడం నాకు సరికాదనిపిస్తుంది. అడుగుదాకా ఊడ్చే వలలతో రామేశ్వరం మరపడవలు వెళ్ళినప్పుడు తెగేది అవతలి ఒడ్డున ఉన్న తమిళ మత్స్యకారుల వలలే. వాళ్ళూ శ్రీలంక అంతర్యుద్ధంలో సర్వం పోగొట్టుకుని మళ్ళీ సముద్రం మీద బతుకు మొదలుపెట్టినవాళ్ళే. రెండు వైపులా పేదలే ఉన్న ఈ తగాదాను దూరం నుంచి తీర్పు చెప్పి తేల్చలేం. కానీ 2018లో గుజరాత్ తీరంలో వేటకు వెళ్ళి పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గానీ ఇంటికి రాని శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారుల సంగతి మనకు తెలుసు. వాళ్ళ ఇళ్ళల్లో ఆ పద్నాలుగు నెలలు ఎలా గడిచాయో తెలిసిన వారికి రామేశ్వరం జట్టీ మీద ఎదురుచూసే ఆడవాళ్ళ ముఖాలు పరాయివి కావు.

ఈ ఊరి పడవల కథలోనే అబ్దుల్ కలాం కూడా ఉన్నారు. 1931లో ఇక్కడ మసీదు వీధిలో పుట్టారు. తండ్రి జైనులాబ్దీన్ మసీదులో ఇమాం. యాత్రికులను ధనుష్కోడికి చేరవేసే పడవ ఆయన జీవనాధారం. గుడి ప్రధాన అర్చకుడు ఆయనకు ఆప్తమిత్రుడు. సీతారామ కల్యాణం నాడు ఉత్సవమూర్తులను కోనేటి మధ్యకు తీసుకువెళ్ళే పడవలను ఏర్పాటు చేసింది ఆ ముస్లిం కుటుంబమే. కలాం తర్వాత పనిచేసిన శ్రీహరికోట కూడా పులికాట్‌కూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న ద్వీపమే, ఆయన క్షిపణులు తయారైంది హైదరాబాదులో. మనవాళ్ళు పేక్కరుంబు దగ్గర ఉన్న ఆయన స్మారకం ముందు ఫొటో తీసుకుని బయల్దేరతారు. పడవవాడి కొడుకు అనే మాట అర్థం కావాలంటే స్మారకంలోని బొమ్మల కంటే ఆ జట్టీ మేలు.

ఇక ధనుష్కోడి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే. వ్యాను డ్రైవర్లూ వీడియోలు తీసేవాళ్ళూ దాన్ని దెయ్యాల ఊరు అని పరిచయం చేస్తారు. పాడుబడ్డ చర్చి గోడ ముందు నిలబడి, రాత్రిళ్ళు ఇక్కడ ఎవరూ ఉండరని చెబుతారు. ఆ మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది.

1914 నుంచి అర్ధశతాబ్దం పాటు ధనుష్కోడి ఒక రేవు. మద్రాసు ఎగ్మోర్‌లో బోట్ మెయిల్ ఎక్కిన మనిషి ఇక్కడ రైలు దిగి, స్టీమరు ఎక్కి, తలైమన్నార్‌లో మళ్ళీ రైలెక్కి కొలంబో చేరేవాడు. స్టేషను, తపాలా కార్యాలయం, కస్టమ్స్ కార్యాలయం, బడి, గుడి, చర్చి ఉన్న ఊరు. 1964 డిసెంబరు 22 రాత్రి తుపాను దాని మీద విరుచుకుపడింది. పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు రైలు స్టేషను చేరే ముందే ఉప్పెనలో కొట్టుకుపోయింది. అందులో వందమందికి పైగా ఉన్నారు. మొత్తం చనిపోయినవారు 1,800 దాకా ఉంటారని అంచనా. మన సావిత్రి, జెమినీ గణేశన్ ఆ రాత్రి రామేశ్వరంలోనే చిక్కుకుపోయారు. ప్రభుత్వం ధనుష్కోడి నివాసయోగ్యం కాదని ప్రకటించింది, రైలు పట్టాలు రామేశ్వరంతో ఆగిపోయాయి.

కానీ మనుషులు ఆగిపోలేదు. మత్స్యకార కుటుంబాలు ఇసుక మీద తాటాకు పాకలు వేసుకుని ఈరోజుకూ అక్కడే ఉన్నాయి. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తెలిసిన మనకు ఇది అర్థం కావాలి. వేలమందిని సముద్రం మింగిన తర్వాత కూడా నాగాయలంక, కోడూరు జనం తమ ఊళ్ళకు తిరిగివెళ్ళి మళ్ళీ దున్నుకున్నారు. ఎవరైనా వచ్చి ఆ పల్లెలను దెయ్యాల ఊళ్ళని వీడియో తీస్తే మనం ఊరుకుంటామా? ధనుష్కోడిలో రోడ్డు పక్కన గవ్వలమ్మే ఆవిడ, చేపలు వేయించి పెట్టే ఆవిడ ఆ విపత్తులో ఇంటివారిని పోగొట్టుకున్నవారి కూతుళ్ళో మనుమరాళ్ళో కావచ్చు. వాళ్ళ ముందు నిలబడి ఇక్కడ ఎవరూ లేరని చెప్పడం ఎంత అమర్యాద!

వ్యాను దిగి కాస్త పక్కకు నడిస్తే ఆ పల్లె నీళ్ళు తెచ్చుకునే తీరు చూడవచ్చు. ఒక పెద్దావిడ ఇసుకలో మోకాలి లోతు చెలమ తీసి కూర్చుంది. ఊరిన నీటిని చిప్పతో తేర్చి తేర్చి బిందెలో పోస్తోంది. ఇసుక కదిలితే ఆగుతుంది, తేటపడ్డాక మళ్ళీ ముంచుతుంది. సముద్రం రెండు వైపులా కనబడుతూనే ఉంది. నేను తెలిసీతెలియని తమిళంలో ‘నీళ్ళు తియ్యగా ఉంటాయా అక్కా?’ అని అడిగితే ఏమీ అనకుండా చిప్ప నా చేతికిచ్చింది. గుడిలో 22 బావుల్లో ఉన్న నీరూ ఈ చెలమలో నీరూ ఒకటే పద్ధతిన నిలిచిన నీరు. ఆ నీటిని చూసుకునే ధనుష్కోడి జనం నిలదొక్కుకున్నారు.

రెండు సముద్రాలు కలిసే చోటు అని ధనుష్కోడి దాటాక వచ్చే ద్వీపం చివరి కొస అరిచల్‌మునై దగ్గర అందరూ చెబుతారు. బంగాళాఖాతం, హిందూ మహాసముద్రం అంటారు గానీ, సరిగ్గా చెప్పాలంటే ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నార్ సింధుశాఖ. స్థానికులు ఉత్తరపు నీటిని ఆడసముద్రం, దక్షిణపు నీటిని మగసముద్రం అంటారు. నైరుతి గాలుల నెలల్లో దక్షిణం ఎగసిపడుతుంది, ఉత్తరం నిదానంగా ఉంటుంది. ఈశాన్య గాలులు మొదలవగానే ఉత్తరం తిరగబడుతుంది. పడవలు ఏ ఒడ్డున దించాలో, వల ఎటు వెయ్యాలో ఈ మార్పును బట్టే నిర్ణయించుకుంటారు. ఒక ద్వీపానికి రెండు ఒడ్డులూ ఉండడం వల్లే ఏడాది పొడవునా కాస్తో కూస్తో వేట సాగుతుంది. రోడ్డు ఈ కొసదాకా వచ్చింది 2017లో. చలికాలంలో ఇక్కడి లోతులేని నీళ్ళలో ఫ్లెమింగోలు దిగుతాయి, పులికాట్‌లో మనం చూసేవాటి లాంటివే.

నా వాదనకు వచ్చే అభ్యంతరాలు తెలుసు. పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని రోజులు ఉండగలమా అంటారు. నిజానికి పెద్దవాళ్ళకు కష్టమైనది ఈ ఒక్క పూట పద్ధతే. రాత్రంతా బస్సులో కూర్చున్న మనిషిని చీకటితో లేపి సముద్రంలో ముంచి, తడిబట్టలతో 22 బావుల చుట్టూ నడిపించి, ఆరకముందే మళ్ళీ బస్సెక్కించడం ఎవరి ఆరోగ్యానికీ మంచిది కాదు. ఒక రోజు విశ్రాంతి తీసుకుని మర్నాడు స్నానం చేయిస్తే వాళ్ళకు దేవుడి మీద మనసు నిలుస్తుంది. ఎక్కువమంది ఎక్కువ రోజులు ఉంటే చిన్న ద్వీపం తట్టుకుంటుందా అన్న అభ్యంతరం ఇంతకంటే బలమైనది, దానికి నేను తేలికైన జవాబు చెప్పను. తోడిన ప్రతి బిందె నీటికీ లెక్క ఉన్న చోటు అది. అందుకే ఉండేవాళ్ళు షవర్లు వదిలేసి బకెట్టు నీళ్ళతో సరిపెట్టుకోవాలి. పాపం పోతుందని విప్పిన బట్టలను అగ్నితీర్థంలో వదిలేసే అలవాటు వెంటనే మానాలి. ఆ గుడ్డలు చుట్టుకునేది ఊరివాళ్ళ వలలకే. ఒక పూటకు వచ్చేవాడికి ఈ సంగతులు తెలిసే అవకాశమే లేదు. రెండు రోజులు ఉండి, ఊరి నీళ్ళు తాగి, ఊరి మనిషితో మాట్లాడినవాడు ఆ సముద్రంలో పాతచీర వదలడానికి సందేహిస్తాడని నా నమ్మకం.

1897 జనవరిలో వివేకానందుడు పడమటి దేశాల నుంచి తిరిగివచ్చి ఈ ద్వీపంలోనే, పాంబన్‌లో అడుగుపెట్టారు. మర్నాడు రామనాథస్వామి గుడిలో మాట్లాడుతూ, శివుణ్ణి విగ్రహంలో మాత్రమే చూసేవాడి పూజ తొలి మెట్టేనని, పేదవాడిలో, బలహీనుడిలో, రోగిలో చూసేవాడే నిజంగా పూజించేవాడని చెప్పారు. ఆ మాట ఆయన చెప్పింది ఈ గుడిలోనే. యాత్ర ఏర్పాటు చేసేవారు దీన్ని ఒక్కసారి గుర్తుచేసుకోవాలని నా విన్నపం.

వెళ్ళదలచుకున్నవారికి నా సలహా ఇది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుపాన్లు ఉంటాయి కాబట్టి సంక్రాంతి తర్వాత, మార్చిలోపు వెళ్ళండి. మొదటి రోజు పగలు వంతెన దాటి, సాయంత్రం ప్రాకారంలో నడవండి. రెండో రోజు తెల్లవారుజామున స్ఫటికలింగ దర్శనం, తర్వాత తీర్థాలు, ఎండ తగ్గాక విల్లూండి. మూడో రోజు పొద్దున్నే జట్టీ, అక్కడి నుంచి ధనుష్కోడి. పోతూ పోతూ కోదండరామాలయంలో ఆగండి. విభీషణుడు శరణు వేడిన చోటని చెప్పుకునే ఆ గుడి 1964 తుపానుకు తట్టుకుని నిలిచింది. ధనుష్కోడిలో మంచినీళ్ళ సీసా, చేపల వేపుడు, గవ్వల దండ ఏది కొన్నా అక్కడి పాకల వాళ్ళ దగ్గరే కొనండి, బేరం ఆడకండి. టూరు నడిపేవాళ్ళు ఒక పూటే ఇస్తామంటే, అదనపు రాత్రికి ఎంతవుతుందో అడిగి, ఆ డబ్బు కట్టి ఉండిపోండి.